తొట్టి గోడలో జీవాలు

అది 2008. అనకాపల్లి ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగం కాంక్రీట్ లాబ్ నేను చూసేవాణ్ణి. నా పని పైకి చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండదు. సిమెంటు, ఇసక, నీళ్లు కలిపించి ఇనప అచ్చుల్లో దిమ్మలు పోయించడం, అవి గట్టిపడ్డాక మెషీన్‌లో పెట్టి ఎంత బరువుకి పగులుతాయో చూడటం. ఆ దిమ్మల్ని మేం క్యూబులు అంటాం. ఈ వృత్తిలో ప్రాణం ఉన్నదేదైనా కంటబడిందంటే పని చెడిందనే లెక్క. ఇసకలో వేరు ముక్క వస్తే జల్లెడ పడతాం. గోడ మీద నాచు పడితే గీకేస్తాం. పగులులో మొక్క మొలిచిందంటే ఇక చెప్పక్కర్లేదు, కాంట్రాక్టర్ని నిలబెట్టి కడిగేస్తాం.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు రూతు గాజు ఫ్లాస్కు ఒకటి పట్టుకుని వచ్చింది. మా కాలేజీలోనే బయోటెక్నాలజీ లెక్చరర్. అనకాపల్లి అమ్మాయే, తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసుకుంటూనే పిహెచ్‌డీ చేస్తోంది. ఫ్లాస్కులో అన్నం వార్చిన గంజిలాంటి మసక నీళ్లున్నాయి.

“సార్, మీ సిమెంటులో నా బాక్టీరియా కలపనిస్తారా?” అంది.

“సిమెంటు నీకేం అపకారం చేసిందమ్మా?” అన్నాను.

నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. మట్టిలో కొన్ని బాక్టీరియా ఉంటాయట. వాటికి యూరియా, కాల్షియం అందిస్తే వాటి ఒంటి చుట్టూ సున్నపురాయి పేరుకుంటుందట. సిమెంటుకుండే ఘాటుకి కూడా తట్టుకుంటాయట. నీళ్లు, తిండి లేనప్పుడు గింజల్లా ముడుచుకుని నిద్రపోతాయట. గోడ పగిలి లోపలికి నీళ్లు దిగినప్పుడు లేచి, మళ్లీ సున్నపురాయి పెట్టి, ఆ పగులు మూస్తాయట. అక్కడా ఇక్కడా అప్పుడప్పుడే ఇలాంటి పరిశోధనలు జరుగుతున్నాయి. సగం రాయి, సగం ప్రాణి. నాకు ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. కానీ చెయ్యనివ్వకపోతే రాత్రి నిద్ర పట్టదని కూడా తెలిసింది.

చేశాం. కొన్ని క్యూబుల్లో ఆమె కల్చర్ కలిపాం. కల్చర్ అంటే ఆ ఫ్లాస్కులో పెంచిన బాక్టీరియా నీళ్లు. కొన్నిటిని మామూలుగా ఉంచాం. అన్నిటికీ కావాలని సన్నగా పగుళ్లు పెట్టి తడిలో ఉంచాం. మామూలు క్యూబులు పగిలినవి పగిలినట్టే ఉన్నాయి. రూతు క్యూబుల్లో మాత్రం కొన్నాళ్లకి పగులు వెంట తెల్లటి గీత వచ్చింది. గోరుతో గీకితే పోలేదు. ఆ తరవాత నేను లాబ్ తాళం తియ్యగానే మొదట వెళ్లేది ఆ తెల్ల గీత దగ్గరికే. మా అటెండరు నన్ను చూసి, “ఏటి సార్, క్యూబులకి దణ్ణం పెట్టుకుంటన్నారా?” అనేవాడు.

చిక్కంతా ప్రిన్సిపాల్‌గారితో వచ్చింది. రూతు బాక్టీరియా పెంచుకునే గది కంప్యూటర్ లాబ్‌కి కావాలన్నారు. లాబ్‌లో క్యూబు ఎవరైనా మాన్పిస్తారు, బయట ఒక నిజమైన కట్టడం మీద చేసి చూపించండి, అది పనిచేస్తే గది మీదే, లేకపోతే ఖాళీ చెయ్యండి అన్నారు. ఒక్కటే అవకాశం. అటు పక్క అచ్యుతాపురం, పరవాడ వైపు ఫార్మా కంపెనీల బస్సులు ఊళ్లోంచి తిరగడం మొదలైన రోజులు. రూతుకి ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఇంట్లోవాళ్లు చేరిపొమ్మంటున్నారు. గది పోతే ఆమె పరిశోధన ఆగిపోయినట్టే. ఆ మాట ఆమె నాతో ఒక్కసారే అంది, “అప్పుడు మాత్రలు లెక్కపెట్టుకుంటాను సార్” అని.

కట్టడం కోసం వెతుక్కోనక్కర్లేకుండా మా కాలేజీ బస్సు డ్రైవరు సన్యాసినాయుడు దొరికాడు. తుమ్మపాల దాటాక వాళ్ల ఊరు. ఇంటి వెనక సిమెంటు నీళ్ల తొట్టి ఉంది. గోడలు సన్నగా బీటలిచ్చి పొద్దున్న నింపితే సాయంత్రానికి సగం పోతోంది. “కొట్టేసి కొత్తది కట్టిద్దారనుకుంటన్నాను సార్. మీరు బాగుసేత్తానంటే సేసుకోండి, నాకేటి పోయింది” అన్నాడు.

మేస్త్రిని తీసుకుని వెళ్లాం. గోడ మీది పాత సిమెంటు పూత, అదే గిలాబు, చెక్కించాం, నీళ్లు డ్రమ్ములో కొలిచి పోయించాం. ఆ నీళ్లలో రూతు తన కల్చర్, వాటి తిండి కలపాలి. ఆ నీళ్లతోనే సిమెంటు, ఇసక మాలు కలిపి గోడకి లోపలివైపు గిలాబు చెయ్యాలి. ఇదంతా సన్యాసినాయుడు తల్లి అప్పలనరసమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చెరుకు చేలో పని చేసి చేసి చేతులు మొద్దుబారిపోయి ఉన్నాయి.

“ఏటి బాబూ, ఆ సీసాలోయి పురుగులటగా?” అంది నన్ను.

“పురుగులు కావమ్మా. కంటికి కనబడనంత చిన్నవి.”

“కనబడాపోతే ఏటి. పేణం ఉంది కదా?”

“ఉంది.”

“మరేటి తింతాయి?”

“యూరియా” అన్నాను.

“యూరియా తిండేటి బాబూ. అది వరికేత్తాం. గొడ్డు నాకితే సచ్చిపోద్ది.”

“అమ్మా, నువ్వూరుకో. ఆలు సదూకున్నోలు” అని కొడుకు కసిరాడు. నేనూ మేస్త్రీ నవ్వుకున్నాం. రూతు సీసాల మూతలు తీసే హడావిడిలో ఉంది. కలపాల్సింది కలిపేసి, అందరం వీధి చివర బడ్డీ దగ్గరకి టీ తాగడానికి వెళ్లాం. వచ్చి గిలాబు పని మొదలుపెట్టాం. ఆ మాలుతోనే కొన్ని క్యూబులు కూడా పోసి లాబ్‌కి తెచ్చుకున్నాం.

మర్నాడు అచ్చులు విప్పితే క్యూబులు చేతిలో విడిపోయాయి. గట్టిపడటమే లేదు. తడి బంకమట్టిలా ఉన్నాయి. నా సర్వీసులో అలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కప్పుడు ఆలస్యమవుతుంది, ఇంకోరోజు చూద్దాం అన్నాను రూతుతో. ఇంకోరోజు కూడా అంతే. సన్యాసినాయుడు బస్సు దిగి నా దగ్గరకి వచ్చి, తొట్టి గోడ వేలితో నొక్కితే గుంట పడుతోందని చెప్పాడు. వాళ్లింట్లో నీళ్లకి బిందెలు పట్టుకుని పక్కింటికి వెళ్తున్నారట.

రూతు మొహం చూడలేకపోయాను. తన కల్చరే సిమెంటుని చంపిందని ఆమె అనుమానం. లాబ్‌లో బాగానే గట్టిపడింది కదమ్మా అంటే, ఈసారి ఎక్కువ మోతాదులో పెంచాను, ఏదో తేడా వచ్చి ఉంటుంది అంటుంది. అన్నం తినకుండా ఫ్లాస్కుల ముందు కూర్చుంది. నేను సిమెంటు బస్తా పరీక్షించాను. ఇసక కడిగి చూశాను. డ్రమ్ముకి పట్టిన చోటి నుంచే నీళ్లు తెప్పించి, అదే మోతాదులో కల్చర్ కలిపి వేరే క్యూబులు పోశాను. అన్నీ శుభ్రంగా రాయిలా గట్టిపడ్డాయి. అదే సిమెంటు, అదే ఇసక, అదే నీరు, అదే కల్చర్. అక్కడ మాత్రం బంకమట్టి. నాకు బాధ కంటే ఎక్కువగా ఒకటే దురద, అసలిది ఎలా జరిగిందని.

ఇద్దరం మళ్లీ వెళ్లాం. తొట్టిలోకి దిగి గోడంతా తడిమి చూశాను. మూలన ఎర్రచీమలు. ఒకటి రెండు కాదు, బారు కట్టి గోడ మీదుగా వచ్చి తడి గిలాబు దగ్గర గుమిగూడి ఉన్నాయి. సిమెంటు దగ్గర చీమలకేం పని? కొంచెం మాలు గోటితో తీసి నాలుక చివర పెట్టుకున్నాను.

“సార్, అందులో నా కల్చర్ ఉంది” అంది రూతు కంగారుగా.

ముందు సున్నం ఘాటు చురుక్కుమంది. దాని వెనకాల సన్నగా తీపి. ఉమ్మేసి, తొట్టి గట్టెక్కి, అప్పలనరసమ్మ దగ్గరకి వెళ్లాను. ఆమె చేటలో ఆకుకూర ఏరుతోంది.

“అమ్మా, ఆ రోజు డ్రమ్ములో బెల్లం ఏమైనా వేశావా?”

“ఏసేను” అంది, ఆకుకూర పక్కన పెట్టకుండానే.

“ఎప్పుడు?”

“మీరు టీకెల్నప్పుడు. పెద్ద ముక్క నానబెట్టి, వడకట్టి మరీ పోసేను. నలుసుండకూడదు కదా.”

“ఎందుకమ్మా?”

ఆమె నన్ను తెలివితక్కువ మనిషిని చూసినట్టు చూసింది. “ఎవులైనా ఇంటికొత్తే బెల్లం ముక్కెట్టి గలాసుడు నీల్లిత్తాం. అయ్యి మా ఇంటికి పన్లోకొచ్చేయి. తినడానికేటి పెట్టేరంటే యూరియా అన్నావు నువ్వు. కాళీ కడుపుతో పనిసెయ్యమంటే ఎలా సేత్తాయి? మా మావగారు ఈ ఇల్లు కట్టినప్పుడు సున్నంలోన బెల్లం నీల్లే పోయించేరు. ఇప్పటికీ ఆ గోడకి మేకు దిగదు.”

ఆ చివరి మాట నిజమే. పాత రోజుల్లో గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారు. సున్నానికి బెల్లం మంచి చేస్తుంది. సిమెంటు అలా కాదు. తీపి తగిలితే చాలు, సిమెంటు రేణువుల చుట్టూ పొరలా పట్టుకుని నీటితో కలవనివ్వదు, గట్టిపడనివ్వదు. సైటు మీద పనిచేసినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. బెల్లం మోసిన లారీలో సిమెంటు తెస్తానంటే ఈ ఊళ్లో ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. బెల్లం మార్కెట్‌కి పేరుపడ్డ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, డ్రమ్ములోకి బెల్లం వస్తుందని మాత్రం నాకు తట్టలేదు.

సన్యాసినాయుడు తల్లి మీద విరుచుకుపడ్డాడు. “నీకెవులు సెప్పేరే? కాలేజీ పని అది. పిన్సిపాలు గారికి ఏటి సెప్పుకోవాలి నేను?” ముసలామె మొదటిసారి తగ్గింది. ఆకుల చేట పక్కన పెట్టి రూతు వైపు చూసింది. “సచ్చిపోనాయేటి తల్లీ?” అంది.

రూతు మెట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, “లేదు మామ్మా, వాటికేం కాలేదు. సిమెంటుకే పడలేదు” అంది. తరవాత నా వైపు తిరిగింది. “సార్, ఇన్నాళ్లుగా ఎంతమందికి చెప్పానో. సెమినార్లలో, కాలేజీలో, మా ఇంట్లో. వీటికి ప్రాణం ఉందని నిజంగా నమ్మిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.”

ప్రిన్సిపాల్‌గారు అలా అనుకోలేదు. మొత్తం విని, “బెల్లమా? ఈ మాట బయట అనకండి, కాలేజీ పరువు పోతుంది” అన్నారు. “ఒక్క అవకాశం అన్నాను, అయిపోయింది. నెలాఖరుకి గది ఇచ్చెయ్యండి” అన్నారు. సిమెంటు, మేస్త్రి ఖర్చు మళ్లీ ఇవ్వడం కుదరదన్నారు. కంపెనీవాళ్లకి రూతు జవాబు చెప్పాల్సిన గడువు కూడా దగ్గరికొచ్చేసింది. సరే సార్ అని బయటికొచ్చింది. ఆ సాయంత్రం తెల్ల కోటు మడిచి సంచీలో పెట్టుకోవడం చూశాను. నా మనసుకి చాలా కష్టమనిపించింది.

మర్నాడు బస్సు ఆపి సన్యాసినాయుడు లాబ్‌కి వచ్చాడు. తల దించుకుని నిలబడ్డాడు. “మా అమ్మ మిమ్మల్ని రమ్మంటంది సార్. తొట్టి నాది, పాడుసేసింది నేను, కాలేజీకేటి సమందం, మల్లీ ఎయ్యమని సెప్పు అంటంది. సిమెంటు మేమే తెచ్చుకుంతాం. రాపోతే నాకు అన్నం పెట్టదంట.”

ఆదివారం వెళ్లాం. రూతు చర్చి నుంచి నేరుగా, ఆరాధనకి కట్టుకున్న చీరతోనే వచ్చింది. గది ఖాళీ చేసేలోగా మిగిలిన కల్చరంతా సీసాల్లో పట్టుకొచ్చింది. మెత్తగా ఉన్న పాత గిలాబంతా మేస్త్రి ముందే గీకి కడిగి ఉంచాడు. ఈసారి డ్రమ్ము పక్కనే అప్పలనరసమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఎవర్నీ రానివ్వలేదు, నన్ను కూడా. “ఇప్పుడు సెప్పు తల్లీ. మొదట్నుంచీ సెప్పు” అంది రూతుని.

రూతు కింద కూర్చుని చెప్పింది. అంతవరకు నేను ఆమె చెప్పగా విన్నవన్నీ సగం ఇంగ్లీషు ముక్కలే. ఆ రోజు ఒక్కటి కూడా రాలేదు. ఏం తింటాయి, ఎందుకు తింటాయి, తిన్నది ఏమవుతుంది, ఎప్పుడు పడుకుంటాయి, ఎవరు లేపుతారు. ముసలామె మధ్యలో ఆపి ఆపి అడుగుతోంది. యూరియా విరిగితే ఘాటు వాసన వస్తుందని రూతు చెబితే సీసా దగ్గరకి ముక్కు పెట్టి చూసింది. “గొడ్ల సావిడి వాసన. అయితే బతికే ఉన్నాయి” అని తృప్తిపడింది. మాలు కలపడానికి మేస్త్రి తొందరపెడుతున్నా ఇద్దరూ పట్టించుకోలేదు.

గిలాబు మర్నాటికల్లా గట్టిపడింది. గోనెపట్టాలు కప్పి నీళ్లు పట్టే పని, అంటే మా భాషలో క్యూరింగ్, ముసలామే చూసుకుంది. తరవాత తొట్టి నింపారు. మొదటి రోజుల్లో బయటి గోడ కొంచెం చెమ్మగిల్లింది. రూతు రోజూ సన్యాసినాయుణ్ణి అడిగేది. ఇంకా తడిగానే ఉందనేవాడు. మెల్లిగా తడి మచ్చలు చిన్నవవుతున్నాయన్నాడు. ఈలోగా నెలాఖరు వచ్చినా కొత్త కంప్యూటర్లు రాలేదు, కంపెనీవాళ్లని రూతు ఇంకొన్నాళ్లు ఆగమంది. కొన్నాళ్లకి గోడ ఆరిపోయిందన్నాడు. వెళ్లి చూస్తే సన్న బీటలన్నిటి వెంటా తెల్లటి గీతలు. ఒక్క పైపు దిగిన మూల మాత్రం పెద్ద పగులు. అది మానలేదు, నీళ్లు చుక్క చుక్కగా కారుతూనే ఉన్నాయి.

ప్రిన్సిపాల్‌గారిని అక్కడికి రప్పించడం మా వల్ల కాలేదు. సన్యాసినాయుడి వల్ల అయింది. ఆయన కుటుంబంతో ఉప్మాక వెంకన్న దర్శనానికి బయల్దేరితే కారు ఇతనే తోలాడు. తిరిగి వచ్చేటప్పుడు, ఒక్క నిమిషం మా ఇల్లు సార్ అని తీసుకొచ్చేశాడు. నేనూ రూతూ ముందే అక్కడ ఉన్నాం. ఆయనకి విషయం అర్థమైంది, మొహం గంటు పెట్టుకునే తొట్టి దగ్గరకి వచ్చారు. గోడ మీద చెయ్యి పెట్టి చూశారు. రూతు ఏదో చెప్పబోతే ఆపి, పక్కన నిలబడ్డ ముసలామెని, “ఏమ్మా, ఈ గోడలో ఏముందో నీకు తెలుసా?” అని అడిగారు. పరీక్షలో ప్రశ్న వేసినట్టే ఉంది.

“తెలవకేటి బాబూ. జీవాలున్నాయి” అంది అప్పలనరసమ్మ. “యూరియా తిని సున్నపురాయి పెడతాయి. నీల్లు తగిల్తే లెగుత్తాయి, తడారితే పడుకుంతాయి. పెట్టీ పెట్టీ ఆ రాయిలోనే కొన్ని ఉండిపోతాయి. వాటికొక తిండి, సిమెంటుకొక తిండి. ఒకదానికి నచ్చింది రెండోదానికి పడదు. ఇద్దరికీ పడేదే పెట్టాలి. అదే ఇందులోన కష్టం.”

ఆయన పైపు మూల చూపించి, “మరి అదెందుకు మానలేదు?” అన్నారు.

“అది పెద్ద పగులు. అంతది వాటి వల్లవదు. ఈ పాప ముందే సెప్పింది నాకు.”

ప్రిన్సిపాల్‌గారు రూతు వైపు తిరిగారు. “ఇంత తేలిగ్గా ఉన్నదాన్ని నాకెందుకు ఇలా చెప్పలేదు మీరు?”

“మీరు ఫలితం అడిగారు సార్. అవి ఏం తింటాయని అడగలేదు” అంది రూతు.

ఇక గది సంగతి మర్చిపోవచ్చనుకున్నాను. ఆయన కారెక్కి, తలుపు వేసుకునే ముందు నన్ను పిలిచి, కంప్యూటర్లు పైఅంతస్తులో పెట్టిద్దాం అన్నారు.

రూతు కంపెనీలో చేరలేదు. ఆ గదిలోనే పిహెచ్‌డీ పూర్తి చేసింది. పెద్ద పగుళ్ల సంగతి మాత్రం తేలలేదు, ఇప్పటికీ దాని మీదే పనిచేస్తోంది. నా మటుకు నేను సర్వీసంతా ఏ పదార్థం చేతికొచ్చినా ఇది ఎంత బరువు మోస్తుంది అనే అడిగాను. ఆ తొట్టి తరవాత ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న చేరింది, ఇది దేనితో కలిసి బతకాలి, దాని తిండి దీనికి పడుతుందా అని. మా వృత్తిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నాకు తెలియడానికి రిటైర్మెంటు దగ్గర పడాల్సొచ్చింది. అప్పలనరసమ్మ మా సీసా చూసిన క్షణంలోనే అడిగేసింది.